దవడలో తిత్తి: ఏడేళ్ల కిందటి నా ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నాను

ఏడేళ్ల కిందట ఒక డెంటల్ క్లినిక్‌కి ఐదు స్టార్లు ఇచ్చి రివ్యూ రాశాను. "నొప్పి తెలియలేదు, గంటంబావులో పని అయిపోయింది, స్టాఫ్ చాలా మర్యాదస్తులు" అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాకపోతే ఆ రివ్యూ రాసింది కుట్లు విప్పిన మర్నాడు. దవడ తిత్తికి ఆపరేషన్ ఎలా చేశారో చెప్పడానికి అది మరీ తొందర. బట్టకైనా ఒక ఉతుకు పడితేగానీ కుట్టు సంగతి తెలీదు. నేను టైలర్‌ని. ఇలాంటి పోలికలు మధ్యలో వస్తుంటాయి, ఏమనుకోకండి.

ఆ క్లినిక్ పేరు ఇక్కడ రాయను. ఆ తర్వాత వెళ్లిన ఆస్పత్రి పేరూ రాయను. ఇద్దరి దగ్గరా ఒకే దవడకి, ఒకే చోట ఆపరేషన్ చేయించుకున్నాను కాబట్టి రెండు సర్వీసులనీ పక్కపక్కన పెట్టి చెప్పగలను. అంతే.

మొదటిసారి తిత్తి బయటపడింది పూర్తిగా అనుకోకుండా. కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం బయటికి రాలేదు, అక్కడ చిగురు అప్పుడప్పుడూ సలుపుతుండేది. క్లినిక్‌లో ఓపీజీ తీశారు. అంటే రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫిల్మ్‌లో పడే ఎక్స్‌రే. ఇరుక్కున్న పన్ను తల చుట్టూ నల్లటి మచ్చ. అక్కడితో ఆగకుండా వెనక దవడ మూల దాకా పొడుగ్గా సాగి ఉంది. బయటికి వాపు లేదు. నొప్పి లేదు. అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గలూ ఒకేలా ఉన్నాయి. ఎముక లోపల అంత ఖాళీ ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

డాక్టర్‌గారు ధైర్యం చెప్పారు. "బయటికి రాని పన్ను చుట్టూ తిత్తి కట్టడం మామూలేనమ్మా. పన్నూ తిత్తీ కలిపి తీసేస్తే మళ్ళీ రాదు" అన్నారు. డెంటిజెరస్ సిస్ట్ అని చీటీ మీద రాశారు. ఆ రకం విషయంలో ఆయన చెప్పింది నిజమే. దవడల్లో ఎక్కువగా కనిపించేది చచ్చిపోయిన పన్ను వేరు కొసన కట్టే తిత్తి, దాన్ని రాడిక్యులర్ సిస్ట్ అంటారు. దాని తర్వాత ఎక్కువగా వచ్చేది ఈ డెంటిజెరస్. రెండూ శుభ్రంగా తీస్తే మళ్ళీ రావడం అరుదు. చిక్కల్లా ఎక్కడంటే, ఫిల్మ్‌లో డెంటిజెరస్‌లా కనిపించేదంతా డెంటిజెరస్ కాదు.

ఇక నా పాత రివ్యూలో లేని సంగతి. ఆపరేషన్ రోజు కౌంటర్ దగ్గర ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి: తీసిన భాగాన్ని ల్యాబ్‌కి పంపాలా, వద్దా. "తప్పనిసరా?" అని అడిగాను. "మీ ఇష్టం మేడమ్, డాక్టర్‌గారు మామూలు సిస్టేనన్నారు కదా" అంది ఆ అమ్మాయి. వద్దు అనే గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు నేనే పెట్టాను కాబట్టి తప్పులో నా వాటా నాదే. కానీ ఆ గడి అసలు ఎందుకుండాలి? చొక్కాకి జేబు కావాలా వద్దా అని కస్టమర్‌ని అడగొచ్చు. కుట్టు వేయాలా వద్దా అని అడుగుతామా? తిత్తి ఏ రకమో మైక్రోస్కోప్ కింద చూస్తేగానీ తేలదు. అది తేలకపోతే మళ్ళీ వచ్చే గుణం దానికి ఉందో లేదో ఎవరికీ తెలీదు.

ఆపరేషన్ మట్టుకు బాగా జరిగింది. లోకల్ అనస్తీషియా, పన్ను తీశారు, తిత్తిని గోకి తీశారు, నాలుగు కుట్లు. వాపు ఐదో రోజుకి తగ్గింది. వారానికి కుట్లు విప్పి "ఇక మీరు ఫ్రీ" అన్నారు. ఆరు నెలలకి ఎక్స్‌రే తీయించుకోమనలేదు, ఏడాదికి రమ్మనలేదు. నేనూ పండగ చేసుకున్నట్టు ఐదు స్టార్లు కొట్టేశాను.

మూడున్నరేళ్లకి నోట్లో ఉప్పటి రుచి మొదలైంది. పొద్దున లేవగానే, అదీ ఆ మూలలోనే. చివరి దవడపన్ను వెనక వేలు పెట్టి నొక్కితే చిగురు మెత్తగా, లోపల నీళ్ళున్నట్టు అనిపించేది. పన్ను కాస్త కదులుతోంది. నొప్పి అప్పుడూ లేదు. అదే నన్ను ఆలస్యం చేసింది. నొప్పి లేనిది జబ్బెలా అవుతుందని రెండు నెలలు దాటేశాను.

ఈసారి ఒక పెద్ద ఆస్పత్రిలో ముఖం, దవడల సర్జరీ విభాగానికి వెళ్ళాను. కొత్త ఓపీజీలో మచ్చ మళ్ళీ అక్కడే ఉంది. పాతదానికంటే పొడుగ్గా, అంచు అలలు అలలుగా. సర్జన్ ఒక మేడమ్. ముందు పాత ఫిల్మ్ అడిగారు. అదృష్టం కొద్దీ దాన్ని ప్యాటర్న్ కాగితాల మధ్య పెట్టి దాచాను. రెండు ఫిల్ములనీ లైటు మీద పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూశారు. నా మొదటి మార్కు ఆ ఐదు నిమిషాలకే.

తర్వాత పక్క పళ్ళకి ఒక్కోదానికీ చల్లటి దూది తగిలించి "తెలుస్తోందా?" అని అడిగారు. అన్నీ జివ్వుమన్నాయి. పళ్ళు బతికే ఉన్నాయంటే ఇది వేరు కొసన కట్టే రకం కాదన్నమాట. తర్వాత చిగురులోకి లావు సూది గుచ్చి లాగారు. మామూలు తిత్తుల్లో లేత పసుపు నీళ్ళు వస్తాయట. నాకు వచ్చింది చిక్కటి తెల్లటి ముద్ద, పాత కుట్టుమిషన్‌లో ఎండిపోయిన గ్రీజులాంటిది. సిరంజిలో సగం దాకా వచ్చి ఆగిపోయింది. మేడమ్ దాన్ని చూసి నర్సుతో ఏదో అన్నారు. నాకు వినపడలేదు, కానీ ఆ మొహం చూస్తే ఆవిడకి ఒక అంచనా ఉందని అర్థమైంది.

అయినా అంచనా మీద ఆపరేషన్ చేయలేదు. ముందు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. "ఎమెలోబ్లాస్టోమా అనే గడ్డ కూడా ఫిల్మ్‌లో ఇలాగే కనబడుతుందమ్మా. దానికి చేసే ఆపరేషన్ వేరు. పేరు తెలీకుండా నేను కత్తి పట్టుకోను" అన్నారు. రిపోర్టుకి తొమ్మిది రోజులు పట్టింది. ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్ అని వచ్చింది.

ఆ తొమ్మిది రోజులూ, ఆ తర్వాత రెండు రోజులూ నేను ఫోన్‌లో దొరికినదంతా చదివి టెన్షన్ తెచ్చుకున్నాను. ఒక చోట సిస్ట్ అని, ఇంకో చోట ట్యూమర్ అని. ఎవరిని నమ్మాలి? మేడమ్‌ని అడిగితే నవ్వారు. ఈ పేరు 1956లో ఫిలిప్సెన్ అనే ఆయన పెట్టారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీన్ని ట్యూమర్ల జాబితాలోకి మార్చి పేరు కూడా మార్చింది. మళ్ళీ 2017లో సిస్టుల్లోకే తెచ్చేసింది. "మీరు చదివిన రెండూ రాసినప్పుడు కరెక్టే" అన్నారు. ఇది క్యాన్సర్ కాదని, కానీ మొండి ఘటమని చెప్పారు. ఇలా చెప్పేవాళ్ళు దొరకడం సర్వీసులో పెద్ద భాగమని నా అభిప్రాయం. రిపోర్టు చేతిలో పెట్టి "ఏం కంగారు లేదు" అని పంపేసే చోట కంగారే ఎక్కువవుతుంది.

ఎందుకు మొండిదో కూడా చెప్పారు. నాకైతే అది లైనింగ్ కథ. ఈ తిత్తి లోపలి పొర కొన్ని కణాల మందం, చాలా పల్చన. కింది కణజాలానికి గట్టిగా అంటుకుని ఉండదు. తీసేటప్పుడు పల్చటి శాటిన్ లైనింగ్ విప్పినట్టే ఉంటుంది: ఒక్క ముక్కగా రాదు, చిరుగుతుంది, పోగులు అంచులో ఉండిపోతాయి. ఆ మిగిలిన పోగు నుంచే కొత్త తిత్తి. దానికి తోడు పెద్ద తిత్తి గోడలో, చుట్టూ పిల్ల తిత్తులు ఉండొచ్చు. పైన చిగురులో కూడా దాని విత్తనాలు ఉండొచ్చు. ఎముకని ఉబ్బించకుండా లోపలి మెత్తటి భాగంలో ముందుకీ వెనక్కీ పాకుతుంది కాబట్టి ఎంతో పెరిగాక గానీ ఎవరి కంటా పడదు. నాకు రెండుసార్లూ వాపు ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది.

మొదటిసారి తీసింది కూడా ఇదేనా అని అడిగాను. "ముక్క లేదు కాబట్టి ఒట్టేసి చెప్పలేను. పాత ఫిల్మ్ చూస్తే అదేననిపిస్తోంది" అన్నారు. పాత డాక్టర్‌ని ఒక్క మాట అనలేదు. నేను అనిపిద్దామని ప్రయత్నించాను, పడలేదు.

మళ్ళీ వచ్చే అవకాశం ఎంత అన్నదానికి కూడా సూటిగానే చెప్పారు. ఊరికే గోకి తీసేస్తే, చాలా అధ్యయనాలు కలిపి చూసిన లెక్కల్లో నలుగురిలో ఒకరికి దగ్గరగా మళ్ళీ వస్తుంది, ఒక్కో ఆస్పత్రి లెక్క ఒక్కోలా ఉంటుంది. తీశాక చుట్టూ ఎముకని బర్ అనే గిర్రున తిరిగే పనిముట్టుతో కొద్దిగా అరగదీసి, కార్నాయ్ ద్రావణం అనే మందు పూస్తే బాగా తగ్గుతుంది. దవడ ముక్కనే కోసి తీసేస్తే దాదాపు రాదు, కానీ దవడ పోతుంది. "మీకు అంత దూరం అక్కర్లేదు. కానీ తిత్తి కింది పెదవికి వెళ్ళే నరం పక్కనే ఉంది, దవడ కింది అంచు పల్చబడింది. ముందు దీన్ని కుదిద్దాం" అన్నారు.

కుదించడమంటే తిత్తికి కన్నం పెట్టి ఒక ప్లాస్టిక్ గొట్టం కుట్టడం. లోపలి ఒత్తిడి పోతే ఎముక నెమ్మదిగా లోపలికి పెరుగుతుంది. పల్చటి పొర కూడా కాలక్రమంలో మందమవుతుంది, అప్పుడు తీయడం తేలిక. పది నెలలు ఆ గొట్టం నా నోట్లో ఉంది. రోజుకి రెండుసార్లు సిరంజితో సెలైన్ ఎక్కించి కడగాలి. మొదటి వారం చేతులు వణికాయి. నెలకి అలవాటైపోయి, ఒక చేత్తో కడుగుతూ ఇంకో చేత్తో ఫోన్ ఎత్తేదాన్ని. మూడు నెలలకోసారి ఫిల్మ్ తీస్తే మచ్చ నిజంగానే చిన్నదవుతూ కనిపించింది. నా చికిత్స మొత్తంలో నేను చేతులతో చేసిన పని ఇదొక్కటే. అందుకేనేమో దీని గురించి చెప్పాలంటే ఉత్సాహం వస్తుంది.

ఈ పది నెలల్లోనే ఆస్పత్రికి ఒక స్టార్ తగ్గించాల్సిన పని జరిగింది. ఒక శనివారం రాత్రి గొట్టం కుట్టు తెగి ఊడి చేతిలోకి వచ్చింది. డిశ్చార్జ్ కాగితం మీద ఉన్న నంబర్‌కి చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆదివారం కూడా అంతే. గొట్టం లేకపోతే ఆ కన్నం పూడుకోవడం మొదలవుతుంది, అది నాకు చెప్పినవాళ్ళు వీళ్ళే. గొట్టాన్ని కడిగి నేనే మళ్ళీ దూర్చి, కదలకుండా చూసుకుంటూ కూర్చున్నాను. సోమవారం పొద్దున్నే వెళితే జూనియర్ డాక్టర్ "బాగానే పెట్టారే" అని మెచ్చుకున్నాడు. నాకు మెచ్చుకోలు కాదు, శనివారం ఫోన్ ఎత్తేవాళ్ళు కావాలి. అదే చెప్పాను.

ఇంకో సంగతి చెప్పకుండా వదల్లేను. ఈ రకం తిత్తులు ఒకటికి మించి ఉంటే గోర్లిన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు అనుమానిస్తారట. అందులో అరచేతుల్లో చిన్న చిన్న గుంటలు, చీలిన పక్కటెముకలు, చర్మ క్యాన్సర్లు కనిపిస్తాయి. మేడమ్ "చేతులు చూపించండి" అన్నారు. చూపించాను. వేళ్ళ మీద ఒక్కో గుంటనీ లైటు వేసి చూసి మొహం సీరియస్‌గా పెట్టారు. "మేడమ్, అవి సూది పోట్లు, నేను టైలర్‌ని" అన్నాను. గదిలో అందరూ నవ్వేశారు. అయినా అరచేతులు మళ్ళీ చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీయించారు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని మా అక్కని విడిగా అడిగారు. ఏమీ లేదని తేలాకే వదిలారు.

అసలు ఆపరేషన్ పూర్తి మత్తులో చేశారు. చివరి దవడపన్ను పోయింది. పొర ఈసారి దాదాపు ఒకే సంచిగా వచ్చిందట. దాని మీదున్న చిగురు ముక్క కూడా కోసి తీశారు, ఎముకని అరగదీశారు, తర్వాత మూడు నిమిషాలు కార్నాయ్ మందు పెట్టి కడిగేశారు. పాత ఫార్ములాలో క్లోరోఫామ్ ఉండేది, చాలాచోట్ల మానేశారు, తమది అది లేనిదని ముందే చెప్పారు. నరం కనబడిన చోట ఆ మందు తగలనివ్వలేదు.

గాయాన్ని పూర్తిగా కుట్టేయలేదు. మందు గాజు గుడ్డ కుక్కి వదిలారు. తెరిచి వదిలిన కుట్టు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అది నా వృత్తి జబ్బు. కానీ లోపలి నుంచి పూడాలంటే అదే పద్ధతి అన్నారు. ఆ గుడ్డకి వేసే ఐడోఫామ్ మందు రుచి ఎవరికీ వద్దు. వారం వారం మార్చారు, ఐదు వారాలు ఆ వాసనతోనే నిద్రపోయాను. ఆరు వారాలు మెత్తటివే తినమన్నారు. అరిగిన దవడ మీద గట్టిగా కొరికితే ఎముక విరగొచ్చట.

నా రెండో ఫిర్యాదు పెదవి గురించి. సంతకం పెట్టించేటప్పుడు "కింది పెదవి కొంచెం మొద్దుబారొచ్చు, కొన్నాళ్ళకి పోతుంది" అన్నారు. ఆ "కొంచెం" నాకు ఐదు నెలలు. కింది పెదవి కుడి సగం, గడ్డం సగం నావి కావన్నట్టు ఉండేవి. ఇరవై ఏళ్లుగా గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని పనిచేసే అలవాటు నాది. ఆపరేషన్ అయిన రెండో నెలలో ఒక రోజు సూదులు తీసి చూసుకుంటే నాలుగే ఉన్నాయి, పెట్టుకున్నవి ఐదు. అయిదోది పెదవికి గుచ్చుకుని ఉంది, నాకు తెలియనే లేదు. ఎదురుగా నిలబడిన కస్టమర్ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ఆ రోజు నుంచి మణికట్టుకి సూదుల దిండు కట్టుకుంటున్నాను. పేషెంట్ ఏ పని చేస్తారో అడిగి, మొద్దుబారడమంటే ఆ పనిలో ఎలా ఉంటుందో చెప్పి ఉంటే బాగుండేది. ఆపరేషన్ మానేసేదాన్ని కాదు. ముందే దిండు కొనుక్కునేదాన్ని.

తీసిన సంచి మొత్తం మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళింది. ఇక్కడ ఫారంలో గడి లేదు. ఎవరూ నన్ను అడగలేదు. రిపోర్టు రెండు కాపీలు ఇచ్చి ఒకటి ఫిల్ములతో కలిపి దాచుకోమన్నారు, పదేళ్ల తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదట ఇదే చూపించమని.

పదేళ్లని ఊరికే అనలేదు. మళ్ళీ వచ్చేవాటిలో ఎక్కువ భాగం మొదటి ఐదారేళ్లలోనే వస్తాయి, కానీ పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయట. అందుకని ఐదేళ్లు ఏటా ఫిల్మ్, ఆ తర్వాత కూడా మానకుండా అప్పుడప్పుడూ. ఇప్పటికి రెండున్నరేళ్లు అయింది. మూడు ఫిల్ములు తీశారు. నల్లటి చోటు ఎముకతో నిండింది, చివరి ఫిల్మ్‌లో ఎక్కడ ఉండేదో మేడమ్ వేలు పెట్టి చూపిస్తేగానీ నాకు కనబడలేదు. పెదవి తొంభై శాతం వచ్చేసింది. గడ్డం కింద ఒక రూపాయి బిళ్ళంత మేర ఇంకా జిమ్మంటుంది.

కాబట్టి స్టార్లు. మొదటి క్లినిక్‌కి ఐదు తీసేసి రెండు ఇస్తున్నాను: చేతి పనికి ఒకటి, మర్యాదకి ఒకటి. రెండో ఆస్పత్రికి సర్జరీకీ, విడమరిచి చెప్పినందుకూ ఐదు, ఫోన్‌కి సున్నా, కలిపి నాలుగనుకోండి. దవడలో తిత్తి అని తేలి ఎక్కడికి వెళ్ళాలా అని చూస్తున్నవాళ్ళు రిసెప్షన్‌లో సోఫాలు చూడకండి. తీసిన ముక్క ల్యాబ్‌కి వెళ్తుందా, రిపోర్టు నా చేతికి ఇస్తారా, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు, ఈ మూడూ అడగండి. మూడోదానికి "అక్కర్లేదు" అంటే, రిపోర్టు చూడకుండా అన్నారా, చూసి అన్నారా అని ఇంకో ప్రశ్న వేయండి.

ఒక్క లోపం మిగిలింది. ఏటా రమ్మంటారే గానీ ఈ ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేసి గుర్తు చేయరు. నిరుడు నేను దాదాపు మర్చిపోయాను, అక్క అడిగితే పరిగెత్తాను. అందుకని ఈసారి నా ఆర్డర్ పుస్తకంలోనే రాసుకున్నాను, డెలివరీ తేదీల మధ్య, ఎర్ర పెన్నుతో. మొన్న నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయి పేజీలు తిప్పుతూ అడిగింది: "అక్కా, ఈ ఓపీజీ ఎవరు? తేదీ రాశావు, కొలతలు రాయలేదు."